సుగ్గికి పోయే ఇంటి పిల్లల చదువు: కొత్త టీచరు ప్రశ్నకు జవాబు

ప్రశ్న: డీఎస్సీలో సెలెక్టయ్యి కర్నూలు జిల్లా కోసిగి వైపు ఒక ప్రాథమికోన్నత బడిలో చేరాను. జూన్‌లో నిండుగా ఉన్న తరగతి దీపావళి దాటేసరికి సగం ఖాళీ అయింది. అడిగితే గుంటూరు వైపు సుగ్గికి, అంటే కోతల కాలంలో కూలి పనికి పోయారంటున్నారు. పోతే చేతికి డబ్బొస్తుంది కదా, ఆ డబ్బుతో పిల్లలు ఇంకా బాగా చదవాలి కదా? మరి ఎందుకు మానేస్తున్నారు? నా స్థాయిలో ఏం చేయగలను? తిరిగొచ్చాక వాళ్లని ఏ తరగతిలో కూర్చోబెట్టాలి?

జవాబు:

మేడం, నేను ఆ వైపే చాలా ఏళ్లు టీచరుగా చేసి, తర్వాత వలస ఇళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్ల పని చూశాను. ముందు ఒక్క మాటలో చెప్తాను. వలస పోయే ఇంట్లో పిల్లల చదువు, ఊళ్లో మిగిలే మనిషిని బట్టి ఉంటుంది. వాళ్లని పెట్టుకోవడానికి అవ్వ ఉందా, మేనత్త ఉందా, హాస్టల్ ఉందా? దసరాకు ముందే ఈ ప్రశ్నకు జవాబు దొరికితే పిల్ల బళ్లో ఉంటుంది. దొరక్కపోతే కూలీల బొలెరో బండి ఎక్కుతుంది. డబ్బు సంగతి ఆ తర్వాతే.

డబ్బొస్తే చదువు పెరగాలన్న మీ లెక్క తప్పు కాదు. అది ఇంకో రకం వలసకు సరిపోతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్ల నుంచి తండ్రి ఒక్కడే దుబాయ్‌కో మస్కట్‌కో పోతాడు, తల్లీ పిల్లలూ ఇంట్లోనే ఉంటారు. మొదట్లో పంపిన జీతమంతా ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పుకూ మిత్తికీ పోతుంది. అది తీరాక పిల్లలు ప్రైవేటు బడి బస్సు ఎక్కడం ఆ ఊళ్లలో మామూలే. రాజంపేట, రాయచోటి వైపు, కోనసీమలో తల్లే కువైట్‌కు ఇంటిపనికి పోయే ఇళ్లున్నాయి. అక్కడ ఫీజుకు డబ్బుంటుంది, కానీ తమ్ముడికి జలుబు చేసినా జ్వరం వచ్చినా చూసుకునేది పెద్ద కూతురే. డబ్బు ఒకటే, ఇంట్లోంచి పోయిన మనిషి వేరు కాబట్టి ఫలితం వేరు.

బయటి దేశాల్లో ఆర్థికవేత్తలు చేసిన పరిశీలనల్లోనూ ఇలాగే రెండు రకాల ఫలితాలు కనిపిస్తాయి. ఎల్ సాల్వడార్‌లో అమెరికా నుంచి డబ్బు అందే ఇళ్ల పిల్లలు బడి మానడం తక్కువని తేలింది. 1997 ఆసియా సంక్షోభంలో ఫిలిప్పీన్స్ పెసో విలువ పడిపోయింది. ఏ దేశపు డబ్బు విలువ పెసోతో పోలిస్తే బాగా పెరిగిందో ఆ దేశంలో మనిషి ఉన్న ఇళ్లకు ఒక్కసారిగా ఎక్కువ పెసోలు వచ్చాయి. ఆ ఇళ్లలో పిల్లల చదువు పెరిగింది, పిల్లల పని తగ్గింది. అదే మెక్సికో పల్లెల్లో చూస్తే, అమెరికాకు మనుషులు పోయే ఇళ్లలో మగపిల్లలు హైస్కూలు పూర్తి చేయడం తగ్గింది. పదహారేళ్లకు తానూ సరిహద్దు దాటేవాడికి, అక్కడ చేసే పనికి మెక్సికో సర్టిఫికెట్ ఎందుకు? చైనాలోనూ గుర్తింపు కార్డులొచ్చి పట్నం పోవడం తేలికైన పల్లెల్లో హైస్కూలు చదువు తగ్గిందని లెక్క తేలింది.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చినది నేపాల్ ఉదాహరణ. బ్రిటిష్ సైన్యంలో గూర్ఖాలుగా చేరడానికి 1993లో కనీస చదువు ఉండాలని నిబంధన పెట్టారు. ఏటా ఎంపికయ్యేది కొన్ని వందల మందే. అయినా గూర్ఖాలుగా చేరే కులాల మగపిల్లల చదువు సగటున దాదాపు ఒక ఏడాది పెరిగింది. ఎంపిక కాని వేలమంది కూడా ఆశతో చదివారు. అంటే పోయే చోట చదువుకు విలువ ఉంటే, ఇంకా పోని పిల్లలు కూడా చదువుతారు.

ఇక మీ ఊరికి వద్దాం. గుంటూరు, పల్నాడు చేలల్లో పత్తి తీసినా మిరపకాయ కోసినా డబ్బు కిలో లెక్కన. పదో తరగతి పాసైన అమ్మాయి సంచీకీ, బడి గడప తొక్కని అమ్మాయి సంచీకీ ఒకటే రేటు. బెంగళూరులో కాంక్రీటు పనికి పోయినా అంతే. చదివితే ఎక్కువ వస్తుందని ఆ పిల్లకు చూపించడానికి ఊళ్లో ఒక్క మనిషి కూడా ఉండడు. గూర్ఖా ఊళ్లో ఉన్న ఆశ ఇక్కడ లేదు. దీన్ని బద్ధకమనీ, తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదనీ అనేవాళ్లు మన స్టాఫ్ రూముల్లోనే చాలామంది ఉన్నారు. మీరు ఆ మాట నమ్మకండి. ఆ తల్లి లెక్క సరిగ్గానే వేస్తోంది.

ఎందుకు పోతారన్నది మీకిప్పటికే అర్థమై ఉంటుంది. వాన మీద ఆధారపడ్డ నేల, ఒక్క పంట. తుంగభద్ర దిగువ కాలువ పేరు వినడమే గానీ చివరి పొలాలకు నీళ్లు చేరేది తక్కువ. దసరా దాటితే ఊళ్లో పనుండదు. ఉపాధి హామీ పనులు జోరుగా నడిచేది ఎండాకాలంలో, వీళ్లకు పని కావాల్సింది కార్తీకంలో. పైగా కూలీలను పనికి తీసుకుపోయే మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు ఉంటుంది. అది పండక్కో, పెళ్లి అప్పుకో, ఆస్పత్రికో ముందే ఖర్చయిపోయి ఉంటుంది. అడ్వాన్సు తీసుకున్న ఇల్లు పోక తప్పదు. అప్పుడు మీరెళ్లి 'పోవద్దమ్మా' అని చెప్పినా, తల ఊపి, మర్నాడు పొద్దున్నే తాళం వేసి పోతారు.

అసలు విషయం ఇక్కడుంది, కొంచెం ఓపిగ్గా చదవండి. పిల్లల్ని ఎందుకు వెంట తీసుకుపోతారు? సంపాదనకే అయితే పన్నెండేళ్లు దాటినవాళ్లే పోవాలి. మీ హాజరు పట్టీ చూడండి, రెండో తరగతి, మూడో తరగతి ఆడపిల్లలు కూడా పోయి ఉంటారు. ఆ వయసు పిల్ల పత్తి ఎంత తీస్తుంది? ఆమె పోయేది చంటిపిల్లను ఎత్తుకోవడానికి. తల్లి సాలులో ఉంటుంది, చంటివాడు గట్టు మీద చీర ఉయ్యాల్లో ఉంటాడు, ఉయ్యాల పక్కన మీ మూడో తరగతి పిల్ల ఉంటుంది. అంగన్‌వాడీ కేంద్రం పగలు కూర్చోబెట్టుకునేది మూడేళ్లు దాటిన పిల్లల్ని. అంతకన్నా చిన్నవాళ్లను ఊళ్లోనే ఎవరూ చూడరు, పరాయి ఊరి చేలో ఎవరు చూస్తారు? యాభై మందికి పైగా ఆడవాళ్లు పనిచేసే భవన నిర్మాణ స్థలాల్లో పిల్లల్ని చూసుకునే గది ఉండాలని 1996 చట్టంలో రాశారు. పొలానికి అలాంటిదేమీ లేదు.

ఈ సంగతి తెలిస్తే మీరు చేసే సర్వే మారిపోతుంది. 'మీ పిల్లను బడికి పంపుతారా' అని అడగడం మానేసి, 'మీ ఇంట్లో మూడేళ్ల లోపు బిడ్డ ఉన్నాడా, వాణ్ని ఎవరు చూసుకుంటారు' అని అడగండి. ఏ ఇంటి ఆడపిల్ల పోతుందో ఆగస్టులోనే చెప్పగలరు.

రెండో కారణం వయసొచ్చిన ఆడపిల్ల. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లను ముసలి అవ్వ దగ్గర వదిలి ఆర్నెల్లు పోవడానికి తల్లికి ధైర్యం చాలదు. ఏదైనా జరిగితే ఊరంతా తననే అంటుందని భయం. అందుకే వెంట తీసుకుపోతుంది, లేదా తొందరగా పెళ్లి చేసి బాధ్యత దించుకుంటుంది. ఈ భయాన్ని మూఢత్వంగా చూడకండి. ఇక్కడ పని చేసేది కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం. 2004లో మొదలైన ఈ ఆశ్రమ బడులు ఆరో తరగతి నుంచి ఆడపిల్లల కోసమే. ఐదో తరగతి పూర్తయ్యే ఆడపిల్లల ఇళ్లకు మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్లి దరఖాస్తు పెట్టించండి. ఆ సమయానికి వాళ్లు ఊళ్లో లేకపోతే మేస్త్రి ఫోన్ నంబరు తీసుకుని ఫోన్ చేయండి. నిజానికి ఏ ఇల్లు ఏ ఊరి చేలో ఉందో మేస్త్రికి తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు. అతన్ని శత్రువులా చూస్తే మీకే నష్టం.

మూడో కారణం తిండి. ఊళ్లో వదిలిన పిల్లకు పొద్దునా రాత్రీ ఎవరు వండి పెడతారు? మధ్యాహ్నం బడిలో పెడతారు సరే, మిగతా రెండు పూటలు? అవ్వకు కళ్లు కనపడకపోతే ఎనిమిదేళ్ల పిల్లే ఆమెకు వండి పెట్టాల్సి వస్తుంది. కొన్నేళ్ల కిందటి దాకా రేషన్ బియ్యం ఎక్కడ తీసుకోవాలన్నది కూడా ఒక టెన్షన్. ఇప్పుడు ఒకే కార్డు మీద కొంత బియ్యం ఊళ్లో అవ్వ, మిగతాది పోయిన చోట కొడుకు తీసుకునే వీలుంది. చాలా ఇళ్లకు ఈ సంగతి తెలియదు. మీరు చెప్తే పిల్లను వదిలి పోవడానికి ఉన్న అడ్డంకుల్లో ఒకటి తగ్గుతుంది.

ఇక లెక్కల మాట. బడుల జాతీయ వివరాల సేకరణకు ఏళ్ల తరబడి ప్రామాణిక తేదీ సెప్టెంబర్ 30. మన వలస మొదలయ్యేది ఆ తర్వాతే. అందుకే కాగితం మీద మీ మండలంలో అందరూ బళ్లోనే ఉంటారు. జనాభా లెక్కలదీ అదే కథ. ఊరు వదిలి ఆర్నెల్లు తిరిగొచ్చేవాళ్లు ఆ పెద్ద లెక్కల్లో సరిగ్గా పట్టుబడరు. మీ ఊరి నిజం తెలియాలంటే ఫిబ్రవరి హాజరు పట్టీ చూడండి. గత ఐదేళ్ల ఫిబ్రవరి పట్టీలు తిరగేసి, ఏ ఇళ్ల పిల్లలు ప్రతి ఏడూ పోతున్నారో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. పెద్దగా మారదు, అవే వీధులు, అవే ఇళ్లు ఉంటాయి. వానలు బాగున్న ఏడాది కొందరు తగ్గుతారు, అంతే.

వలస నెలలు అన్నిచోట్లా ఒకటి కావు. గద్వాల వైపు విత్తనాల కోసం పెంచే సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పని, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని, వానాకాలంలోనే ఉంటుంది. సాయంత్రం మొగ్గ విప్పి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి, దానికి చిన్న చేతులు కావాలంటారు. అక్కడ బడి తెరిచిన నెలల్లోనే పిల్లలు పోతారు. ఒడిశాలోని బలంగీర్ నుంచి మన ఇటుక బట్టీలకొచ్చే కుటుంబాలు చలికాలంలో వచ్చి వానలకు ముందు వెళ్తాయి. మీ వైపు నుంచి బదిలీ అయితే అక్కడి నెలలు మళ్లీ కొత్తగా నేర్చుకోవాల్సిందే.

ఏం చేయగలరన్న ప్రశ్నకు వస్తాను. సీజనల్ హాస్టల్ మీకున్న పెద్ద ఆయుధం. తల్లిదండ్రులు పోయిన నెలల్లో పిల్లలు బడి భవనంలోనే తిని, పడుకుని, చదువుకునే ఏర్పాటు ఇది. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడి పథకం నిధులతో నడుస్తుంది. బాగా నడిచిన చోట నేను చూసిన తేడా చాలా పెద్దది. కానీ దీనికి ఒక రోగం ఉంది: ఆలస్యం. ప్రతిపాదన పోవడం, అనుమతి రావడం, వంటమనిషి దొరకడం అయ్యేసరికి డిసెంబర్ వస్తుంది. అప్పటికి పిల్లలు పల్నాడులో ఉంటారు. దసరా సెలవులకు ముందు గేటు మీద బోర్డు లేని హాస్టల్‌ను ఏ తల్లీ నమ్మదు. 'తెరుస్తారంట' అన్న మాట మీద బిడ్డను వదిలి పోదు. కాబట్టి ఇళ్ల జాబితాతో సహా ప్రతిపాదన జూలైలోనే హెడ్మాస్టర్ చేత మండలానికి పంపించండి. అనుమతి రాకముందే బడి కమిటీ తల్లుల్లో ఇద్దరిని వంటకూ, రాత్రి కాపలాకూ ఒప్పించి పెట్టుకోండి. ఊరికి తెలిసిన ఆడమనిషి రాత్రి అక్కడ పడుకుంటుందంటే ఆడపిల్లలు నిలుస్తారు. బయటివాళ్లు ఎంత మంచివాళ్లైనా మొదటి ఏడాది నమ్మకం కుదరదు.

హాస్టల్ రాకపోతే అవ్వను పట్టుకోండి. అవ్వ, మేనత్త, పెద్దమ్మ, ఎవరైనా సరే. పోయేముందు రోజు ఆ తల్లినీ అవ్వనూ కలిపి కూర్చోబెట్టి, నెలకు ఎంత పంపుతుంది, ఎవరి ఫోన్‌కు పంపుతుంది, జ్వరమొస్తే ఎవరికి చెప్పాలి అన్నది తేల్చండి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, జనవరిలో డబ్బు అందక అవ్వే పిల్లను బస్సెక్కించి పంపేసిన ఇళ్లు ఎక్కువ. సంక్రాంతి సెలవులు ముగిసిన వారం ఆ ఇళ్లన్నీ ఒకసారి తిరగండి.

నగదు పథకాల మాట కూడా చెప్పాలి. పిల్లల్ని బడికి పంపే తల్లికి డబ్బిచ్చే అమ్మ ఒడి 2020 జనవరిలో మొదలైంది, దాని స్థానంలో 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది. రెంటికీ 75 శాతం హాజరు షరతు పెట్టారు. పోవాలా వద్దా అని ఊగిసలాడే ఇంటికి ఇది ఉపయోగపడుతుంది. అడ్వాన్సు తీసుకున్న ఇంటికి ఉపయోగపడదు, ఎందుకంటే మేస్త్రి డబ్బు అవసరానికి ముందొస్తుంది, సర్కారు డబ్బు ఏడాది గడిచాక వస్తుంది. హాజరు తగ్గిందని ఆగిపోతే, మరుసటి ఏడాది ఆ తల్లికి బడి మీద ఉన్న కాస్త ఆశా పోతుంది. పోయొచ్చిన పిల్లకు దొంగ హాజరు వేయమని మిమ్మల్ని అడుగుతారు. వేయకండి. మీ ఫిబ్రవరి లెక్క తప్పితే హాస్టల్ అడగడానికి చేతిలో ఆధారమే ఉండదు.

వెంట పోయే పిల్లల్ని ఆపలేకపోతే, పోయిన చోట బడిలో చేర్పించే దారి చూడండి. 2009 విద్యాహక్కు చట్టంలో దీనికి బలమైన మాటలున్నాయి. ఐదో సెక్షన్ ప్రకారం ఏ కారణంతో అయినా పిల్ల ఇంకో బడికి, ఇంకో రాష్ట్రానికైనా సరే మారవచ్చు. హెడ్మాస్టర్ టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ రావడం ఆలస్యమైందని అవతలి బడి చేర్చుకోవడం ఆపకూడదు. వలస కుటుంబాల పిల్లల్ని చేర్చే బాధ్యత తొమ్మిదో సెక్షన్ స్థానిక సంస్థల మీద పెట్టింది. వయసు ధ్రువపత్రం లేదని కూడా వెనక్కి పంపకూడదు. ఆచరణలో మాత్రం నవంబర్‌లో వచ్చి మార్చిలో పోయే పిల్లను చూస్తే అవతలి హెడ్మాస్టర్ మొహం చిట్లిస్తాడు. అందుకే పిల్ల పేరు, తరగతి, చదవగలిగే స్థాయి, మీ ఫోన్ నంబరు రాసి, బడి ముద్ర వేసిన ఒక కాగితం తల్లి చేతికివ్వండి. వీలైతే ఆ ఊరి టీచరుకు మీరే ఫోన్ చేయండి. టీచరు టీచరుకు ఫోన్ చేస్తే సగం పనవుతుంది.

గుంటూరు వైపు పోయే పిల్లకు భాష అడ్డం కాదు, అది మీ అదృష్టం. బెంగళూరు పోయిన పిల్ల కన్నడ బడిలో మూగదవుతుంది. ముంబై పోయిన పాలమూరు వాళ్లకు అక్కడి మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు నడిపింది. ముంబైలోని కామాటిపుర పేటకు ఆ పేరొచ్చిందే తెలంగాణ నుంచి పోయిన కామాటీలనే కూలీల వల్ల, అంత పాత దారి అది. మన దగ్గరి ఇటుక బట్టీల్లో కూడా ఒడియా పుస్తకాలు తెప్పించి, ఒడియా వచ్చినవాళ్లతో పని స్థలంలోనే బడులు నడిపారు. సాధ్యమేనని తెలిసిన పనులే ఇవి. కాకపోతే ఎవరో ఒకరు ప్రతి ఏడూ పట్టుపడితేనే నడుస్తాయి.

ఎనిమిదో తరగతి, పదో తరగతి మీద ప్రత్యేకంగా కన్నేయండి. పేద ఇళ్ల పిల్లల కోసం ఉన్న ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఎనిమిదో తరగతి పిల్లలకే, అదీ చలికాలంలో పెడతారు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ఆ పరీక్ష అవసరమున్న పిల్లలే ఆ రోజు మిరప చేలో ఉంటారు. ఒక్క పరీక్ష కోసం పిల్లను వెనక్కి రప్పించడానికి బస్సు ఛార్జీలు ఊళ్లో చందా ఎత్తినా తప్పులేదు. మీ బడి దాటి హైస్కూలుకు పోయిన పిల్లలకు పదో తరగతి ఫీజు కట్టే గడువు కూడా వాళ్లు ఊళ్లో లేనప్పుడే వస్తుంది. ఫీజు, ఫొటో, సంతకాలు పోయేముందే తీసి పెట్టుకోమని అక్కడి టీచర్లకు చెప్పండి.

చివరిగా మీ మూడో ప్రశ్న. చట్టం ప్రకారం తిరిగొచ్చిన పిల్లను వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి. వెనకబడింది కాబట్టి కింది తరగతి అనకూడదు. అందుకు తగ్గ ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని నాలుగో సెక్షన్ చెబుతుంది, పద్నాలుగేళ్లు దాటినా ఎనిమిది పూర్తయ్యేదాకా ఉచితమే. చట్టం లేకపోయినా నేను ఇదే చెప్తాను. పన్నెండేళ్ల పిల్లను చెల్లెలి పక్కన కూర్చోబెడితే రెండో వారం బడికి రాదు. తన ఈడు వాళ్ల మధ్య కూర్చోనివ్వండి. పొద్దున గంటా, సాయంత్రం గంటా విడిగా చదవడం, రాయడం, కూడికలు, తీసివేతలు మాత్రమే చేయించండి. సైన్సు, సోషల్ పాఠాలు తరగతితో పాటు విని వదిలేసినా ఫర్వాలేదు. రెండో తరగతి తెలుగు వాచకం గడగడా చదవగలిగితే మిగతావి అందుకుంటుంది. ఉగాదికి తిరిగొచ్చే ఇళ్లు మీ వైపు చాలా ఉంటాయి, ఆ పిల్లలు ఏప్రిల్‌లో మూడు వారాలే మీకు దొరుకుతారు. ఆ మూడు వారాలూ కొత్త పాఠం పెట్టుకోకుండా ఎవరు ఎంతవరకు చదవగలరో చూసి రాసుకోండి. సెలవుల్లో ఊళ్లో ఇంటర్ చదివిన అమ్మాయి ఎవరైనా ఉంటే ఆ పిల్లల్ని రోజూ ఒక గంట ఆమెకు అప్పగించండి, జూన్‌లో ఎక్కడ మొదలుపెట్టాలో మీకు తెలిసి ఉంటుంది.